మద్దిచెట్టు కడ వదలిన మోకు

మంగాయమ్మను చంపినవాడు ఆమె తోడబుట్టిన పోలయ్య. ఈ విషయమున ఆమె పెనిమిటి అప్పలసూరికి సందేహము లేదు. ఏడాదిగా లేదు.

శరత్కాలప్రభాతమది. కాశకుసుమధవళములైన గట్ల నడుమ కాలువనీరు వానకాలపు టెరుపును విడిచి ఆకాశనైర్మల్యమును తనలో నింపుకొని లాకు తలుపుల వరకు నిశ్చలముగా పరచుకొని యుండెను. మంచుతడి యారని గరికమీద కులపెద్దలు నలుగురు తువాళ్లు పరచి కూర్చుండిరి. వారి యెదుట అప్పలసూరి సరకుపడవ గుంజకు కట్టబడి యుండెను. పోలయ్య ఇకమీద మోకు పట్టి పడవలు లాగుటకు తగునా తగడా యని ఆ పూట తేలవలసి యుండెను. తగడని తేలినచో వానికి ఆ కాలువమీద పనియు ఆ కులములో పొత్తును ఉండవు.

ఆ కాలువలో పడవలు నడచుటకు మనుష్యుల భుజములే ఆధారము. నలుగురు మోకు భుజమున వేసికొని గట్టువెంట లాగుదురు. లాకునకు నూరు బారల ఈవల ఒక మద్దిచెట్టు కలదు. దానిని చేరగానే ముందరివాడు కేక వేయును. మోకు నేల వ్రాలును. అటుపిమ్మట పడవ ఎవ్వరి సాయము లేక తన వేగముతోనే జారి నీటి యొరపిడికి క్రమక్రమముగా మందగించి తలుపుల ముందర నిలుచును. పడవ ముక్కుమీద నిలిచినవారు గడతో లాకు గోడను తాకి సరిచూచుకొందురు. తాతలనాటినుండి ఇదియే మర్యాద.

అప్పలసూరి పడవలో గడ మంగాయమ్మది. నిరుడు ఇదే మాసమున పడవ నిలువలేదు. గడ విరిగెను. పడవ గోడను తాకి ఒక్కసారిగా ఆగిపోగా ఆమె ముందునకు తూలి పడవకును గోడకును నడుమ పడెను.

ఆనాడు ముందరి మోకు పోలయ్యది. అంతకు ముందటినాడే వాడు అక్క కూతురును తనకిమ్మని యడిగెను. తాగుబోతునకు పిల్ల నీయనని ఆమె మొగముమీదనే చెప్పెను. అప్పలసూరికి అది చాలును. పోలయ్య పగబట్టి చెట్టు దాటి లాగినాడు. దహనమునాడు వాడు ఏడువకుండుట అప్పలసూరి గమనించెను. పెద్దకర్మనాడు రెండు ముద్దలు ఎక్కువ తినుటయు గమనించెను. చెట్టుకడనే వదలితిమని తక్కిన ముగ్గురు చెప్పగా కలిసి లాగువారు కలిసియే బొంకుదురని తలచెను. గట్టుమీది యడుగుజాడలు ఆ సాయంకాలపు వానకు చెరిగిపోగా ఆ వానమీదను అతనికి అనుమానమే కలిగెను.

"చెట్టు కాడ వదిలితే పడవ ఆగుద్దో లేదో మీరే చూడండి. ఆగిందా, ఆడు దాటి లాగినట్టే" అని అతడు పెద్దలతో పలికి ఆనాటివలెనే నూటయిరువది ధాన్యపు బస్తాలు నింపించెను. మోకు వేరొక నలుగురు పట్టిరి.

పోలయ్య గడ తీసికొని ముక్కుమీదికి ఎక్కెను. "అక్క నిలుచున్న కాడ నేనుంటాను బావా."

"ఉండు. నీకేం, ఆగుద్దని నీకు ముందే తెలుసుగా."

పడవ కదలెను. మద్దిచెట్టు కడ మోకు వ్రాలెను. పడవ హంసవలె జారి వచ్చి తలుపులకు రెండు బారల దూరమున మెత్తగా నిలిచెను. గడతో పని లేకపోయెను.

"సరిపోయింది. ఇంకేం కావాలి?" అని పెద్దలలో ఒకడు తువాలు దులుపుకొనెను. పోలయ్య తల వంచుకొనెను.

అప్పుడు లాకు కాపరి నరసింగము గట్టు దిగి వచ్చెను. ఆ వృద్ధుడు మనుష్యులవంక చూడక పడవ పొట్టవంక చూచుచుండెను. "ఆ రాగిమేకుల వరస ఇప్పుడు నీళ్లకి జానెడు పైనుంది. ఆవేళ మునిగిపోయుంది."

"ఏడాది ఊరుకుని ఇయ్యాళ గుర్తొచ్చిందా? ఈడు నీకేం పోయించాడు?" అని అప్పలసూరి కన్నులెర్రజేసెను.

"ఇంట్లో దీపం ఆరినోడితో మేకుల సంగతేం మాట్లాడను సూరీ? ఇప్పుడు ఈడి కూడు పోతా ఉంది గనక చెబుతున్నాను. ఎంత బరువుంటే పడవకి అంత మొండితనం. కదలమంటే కదలదు. కదిలాక ఆగమంటే ఆగదు."

పోలయ్య నేలవంక చూచుచు పలికెను. "ఆవేళ మోకు భుజం కోసేసింది. ఏటి బావా ఇంత బరువని అడిగాను. రాత్రి తాగింది దిగలేదన్నావు."

ఆనాడు మోకువారు చద్దికి పోయిన వేళ పన్ను తప్పించుటకై అడుగుపలకల క్రింద తాను దాచిన నలువది ఉప్పుబస్తాలు అప్పలసూరికి జ్ఞప్తికి వచ్చెను. మరచిన యెడల గదా జ్ఞప్తికి వచ్చుట. ఏడాది పొడవునా వానను సైతము అనుమానించినవాడు ఆ బస్తాలను మాత్రము అనుమానింపలేదు. మంగాయమ్మకు వాటి మాటయే తెలియదు.

"ఇంకో నలభై ఎక్కించండి" అనెను.

ఎందులకని పెద్దలు అడిగిరి. అతడు గట్టుపైనున్న బస్తాలను చూపెను. గట్టు మరమ్మతునకు ఉంచిన ఇసుకబస్తాలను ఎక్కించిరి. రాగిమేకులు మునిగెను. పోలయ్య మరల ముక్కుమీదికి పోబోయెను.

"దిగు."

"బావా, నేనుంటానంటే..."

"దిగమన్నాను."

అప్పలసూరి గడ తీసికొని తానే నిలిచెను. ఎడమచేతిని వెనుకనున్న తెరచాపకొయ్యకు చుట్టెను. మోకువారు రొప్పుచు లాగిరి. సరిగా మద్దిచెట్టు కడనే, నలుగురు పెద్దలు చూచుచుండగనే, మోకు వ్రాలెను. ఎవ్వరును లాగని యా పడవ ఎవ్వరి మాటయు వినని మహిషమువలె తన బరువే తనకు బలముగా కాలువనీటిని రెండుగా చీల్చుకొనుచు ఇంతకుముందు మెత్తగా నిలిచిన చోటును దాటి గోడమీదికి వచ్చెను. గడ విరిగెను. గోడ కదలలేదు. పడవ ఆగెను, అప్పలసూరి దేహము ఆగలేదు. కొయ్యకు చుట్టిన చేయి భుజముకడ ఊడినది గాని అతనిని పడనీయలేదు.

మంగాయమ్మకు పట్టుకొనవలెనని ఎవరును చెప్పలేదు.

అతడు గట్టెక్కి పెద్దల యెదుట నిలిచెను. చేయి వ్రేలాడుచుండెను. పోలయ్య వచ్చి దానిని పట్టుకొనబోగా విదలించుకొనెను. నిరపరాధి యని తెలిసినవానిని క్షమించుట అపరాధిని క్షమించుటకంటె అతనికి కష్టముగా నుండెను.

"మోకు చెట్టు కాడే వదిలాడు. అడుగున ఉప్పేసింది నేను. చెప్పాల్సింది చెప్పేశాను. మా అమ్మాయైనా సరే, దేవుడైనా సరే, ఈ సంగతి నన్నింక అడగొద్దు. నేను చెప్పను."