ఐస్ గడ్డ

ఐస్ ఫ్యాక్టరీ మేస్త్రీ కూతురు కలరా వార్డులో తోటకూర కాడలా వేలాడిపోయింది. చేతికి సెలైన్ ఎక్కుతున్నా కళ్లు పీక్కుపోయాయి.

"వాంతి చేసుకున్నా సరే, ఓఆర్ఎస్ చెంచాతో పోస్తూనే ఉండు. ఇంట్లో ఏం నీళ్లు తాగింది?" అంది నర్సు మేస్త్రీతో.

"మరగబెట్టినవే సిస్టర్! మా ఆవిడ చాదస్తం చూసి వీధంతా నవ్వేది."

"వేడివే తాగిందా?"

"లేదు, నేను తెచ్చిన ఐస్ వేసుకుని..."

"ఐస్‌కి నీళ్లెక్కడివి?"

మేస్త్రీ కూతురి నోట్లో ఇంకో చెంచా పోశాడు. ఫ్యాక్టరీ తోడుకునేది మురుగు కలిసే కాలవ నీళ్లే.

"నా ఫోన్‌లోంచి ఫ్యాక్టరీకి కలపండి సిస్టర్, ఐస్ లోడు ఆపాలి."

నర్సు ఫోన్ అతని చెవికి ఆనించింది. అతను చెంచా వదల్లేదు.

"లోడా? జ్యూస్ బండ్లన్నిటికీ ఎప్పుడో వేసేశాం మేస్త్రీ," అంది అవతలి గొంతు హుషారుగా.

కూతురు మళ్లీ వాంతి చేసుకుంది. అతను మళ్లీ చెంచా నింపాడు.