చుక్క తప్పిన ముఖచిత్రం

సుధామయ్ చాకీ శ్రాద్ధం అయిన మర్నాడు ఆయన భార్య ఒక గుడ్డసంచీ పట్టుకుని కాలేజీ స్ట్రీటులో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. సంచీలో నాలుగు వందల పేజీల చేతిరాత ఉంది. బెంగాలీ పుస్తకాలకు ముఖచిత్రాలు గీసినవాళ్ల గురించి, అక్షరాన్ని వాళ్లు ఎలా మలిచారన్నదాని గురించి సుధామయ్ తొమ్మిదేళ్లు కూర్చుని రాసిన పుస్తకం అది. ఆయనా ఆ పనివాడే. పై కాగితం మీద పెన్సిలుతో ఒక మాట రాసిపెట్టాడు: 'దీన్ని ప్రణవేశ్ చేతే డిజైన్ చేయించాలి. మార్జిన్లు కొలిచే ఓపిక ఇంకెవడికీ లేదు.'

మా ప్రచురణ సంస్థ యజమాని కేతకి కుండు ఆ మాట రెండుసార్లు చదివి నావైపు చూసింది. నన్ను దా, అంటే అన్నా, అని పిలుస్తుంది.

"మృగాంకదా, వీళ్లిద్దరికీ మాటల్లేవు కదా?"

"ఇరవై ఏళ్లయింది దీదీ. కాఫీహౌసులోకి ఒకరొస్తే ఇంకొకరు లేచిపోయేవారు."

ప్రణవేశ్ సిక్దార్ అక్షరాలు పెళ్లి బ్యాండువాళ్లలా ఊగుతాయని సుధామయ్ ఒక సభలో అన్నాడు. సుధామయ్ అక్షరాలు మందుసీసా మీద చీటీలా ఉంటాయని ప్రణవేశ్ ఇంకో సభలో అన్నాడు. తగాదా అంతా అదే. ఇద్దరి చేతా ముఖచిత్రాలు గీయించుకున్నవాళ్లం కాబట్టి మేం ఎవరి పక్షమూ పట్టలేదు.

నేను అక్కడ పదహారేళ్లుగా ప్రూఫులు చూస్తున్నాను. సంచీ మోసుకుని భవానీపూర్‌లో ప్రణవేశ్ ఇంటికి వెళ్లింది నేనే. ప్రణవేశ్ పెన్సిలు మాట చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బతికున్నన్నాళ్లూ నా మార్జిన్లు ఫుట్‌బాల్ మైదానాల్లా ఉన్నాయని ఎగతాళి చేశాడు. పోయాక అవే కావాలట. పెట్టి వెళ్లవయ్యా."

వారానికో అధ్యాయం చొప్పున పేజీలు వచ్చాయి. అంత శుభ్రమైన పని నేను చూడలేదు. ప్రతి బొమ్మా వాక్యం దాని గురించి మాట్లాడే చోటే నిలబడింది. ఆరు అధ్యాయాలు అయ్యాయి. ఏడోది రాలేదు. మూడు వారాలు గడిచాయి. పుస్తక ప్రదర్శన నెత్తిమీదికి వచ్చింది. ఫోను చేస్తే "చేస్తున్నా" అంటాడు, పెట్టేస్తాడు. కేతకి నన్ను మళ్లీ పంపింది.

ఆయన బల్లమీద ఒకే ఒక పేజీ ఉంది, నూట పన్నెండోది. ప్రణవేశ్ దాన్ని నా ముందుకు తోశాడు.

"చదువు. పైకి చదువు."

చదివాను. అరవై రెండులో మా సంస్థే వేసిన 'మేఘ్లా రాత్' నవల ముఖచిత్రం గురించి సుధామయ్ రాశాడు. ఆ దశాబ్దంలో అంతటి ముఖచిత్రం ఇంకొకటి లేదన్నాడు. గీసింది ప్రణవేశ్ అని పేరు పెట్టి మరీ పొగిడాడు. ఆ తర్వాత ఇలా ఉంది: 'పటల్‌డాంగాలో బ్లాకులు చేసే నీలమణి కర్మకార్ అజాగ్రత్త వల్ల జింకు బ్లాకు మీద ఒక చుక్క ఆమ్లంలో చెక్కుడు పడలేదు. ఇంత గొప్ప పని నవ్వులపాలైంది.'

అప్పట్లో బొమ్మను జింకు రేకు మీద ఆమ్లంతో చెక్కి, ఆ బ్లాకుతోనే అచ్చేసేవారు. ఆ నవ్వులు నాకూ గుర్తే, అప్పుడు నేను బళ్లో చదువుతున్నాను. మా బెంగాలీ లిపిలో బ కింద చుక్క పెడితే ర అవుతుంది. చుక్క లేకపోతే రాత్ కాస్తా బాత్. మబ్బు పట్టిన రాత్రి అనవలసినది మబ్బు పట్టిన కీళ్లవాతం అయింది. రెండు వేల ప్రతులూ అలాగే బజారుకెక్కాయి. నవలాకారుడు ట్రామెక్కితే చాలు, "దాదా, ఏ తైలం రాస్తున్నారు?" అని అడిగేవాళ్లు.

"మెచ్చుకున్నాడుగా ప్రణవేశ్‌దా. మరి ఆగిపోయారేం?"

"చుక్క పోయింది ఆమ్లంలో కాదు. నేనే తీశాను."

ఆయన గొంతులో ఏ మార్పూ లేదు. కాగితం కొలత చెప్తున్నట్టు చెప్పాడు.

అప్పుడాయనకు ఇరవై ఆరేళ్లు. నల్లటి అట్ట, తెల్లటి అక్షరాలు. ర కింద ఉండవలసిన చుక్కను ఎత్తి పైన, ఆకాశంలో చంద్రుడిగా పెట్టాడు. చూసినవాళ్లు చంద్రుణ్ణి కిందికి దించుకుని చదువుకుంటారనుకున్నాడు. బ్లాకుకు ఇచ్చిన రోజు నీలమణి అడిగాడట: "బాబూ, చుక్క ఏదీ?" "పైకి చూడు, ఆకాశంలో ఉంది," అన్నాడట ఈయన. నీలమణి తలూపి బ్లాకు చేసి ఇచ్చాడు.

పుస్తకం వచ్చింది. ఊరు నవ్వింది. కేతకి తండ్రి అప్పటి యజమాని. ఆయన ఇద్దరినీ పిలిపించాడు.

"ఆ పిలుపుకు ముందు రోజు నా అసలు బొమ్మ నా చేతికి తిరిగొచ్చింది," అన్నాడు ప్రణవేశ్. "తెల్ల సిరాతో ర కింద చుక్క పెట్టాను. ఆరాక పట్టుకెళ్లి చూపించాను. నీలమణి బొమ్మవైపు చూశాడు, నావైపు చూశాడు. 'ఈ చుక్క నిన్నటిది బాబూ' అన్నాడు. అందరూ వాణ్ణి కసిరారు. బ్లాకులు చేసేవాడి మాటా, చిత్రకారుడి మాటా?"

మా సంస్థ ఆ దుకాణానికి పని ఆపేసింది. మిగతావాళ్లూ ఆపేశారు. రెండేళ్లలో దుకాణం మూతపడింది.

"సుధామయ్‌కి తెలుసా?" అన్నాను.

"తెలిస్తే రాయకుండా ఉంటాడా? పండగ చేసుకునేవాడు. వాడు నన్ను నమ్మాడు, అదే మింగుడుపడటం లేదు."

నీలమణి బతికే ఉన్నాడా అని అడిగాడు. కనుక్కుంటానన్నాను. పాత అచ్చుపనివాళ్లను నలుగురిని అడిగితే ఆచూకీ తెలిసింది. బేల్‌ఘరియా స్టేషను పక్కన స్టీలు సామాన్ల కొట్టు అరుగు మీద కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కుతున్నాడట. ముప్పై ఏళ్లుగా అదే పని.

ఆదివారం పొద్దున ఇద్దరం వెళ్లాం. డెబ్బై దాటిన బక్కపలచటి మనిషి, మోకాళ్ల మధ్య ఒక ఇత్తడి బిందె. చెక్కే మిషను ఆపకుండానే ప్రణవేశ్‌ను చూశాడు. ఉన్న పేరు పూర్తి చేసి, గుడ్డతో తుడిచి, అప్పుడు మాట్లాడాడు.

"లావయ్యారు బాబూ. మధుమేహమా?"

"అది కూడా ఉంది నీలమణి."

"కూర్చోండి. బల్ల ఒక్కటే, మీ పక్కాయన నిలబడాలి."

ప్రణవేశ్ కూర్చోలేదు. పేజీ తీసి నాకిచ్చాడు. నేను చదివాను. తన పేరు వచ్చినప్పుడు నీలమణి చెయ్యెత్తి ఆపాడు.

"నా పేరు అచ్చులో ఉందా? ఏదీ, చూడనీ. మణిలో ణ సరిగ్గా పడిందా?"

"పడింది. నేనే దిద్దాను," అన్నాను.

"ఇదంతా తీసేస్తాను," అన్నాడు ప్రణవేశ్. "నేనే చేశానని రాస్తాను. అది చెప్పడానికే వచ్చాను. తప్పు నాది. నువ్వు..."

"తీసేస్తే నా పేరూ పోతుందిగా?"

నీలమణి మిషను కింద పెట్టాడు.

"పదేళ్లు బ్లాకులు చేశాను బాబూ. ఎన్ని పుస్తకాలో లెక్కలేదు. రాసినవాడి పేరుంటుంది, గీసినవాడి పేరుంటుంది, అచ్చేసినవాడి పేరుంటుంది. బ్లాకువాడి పేరు ఎక్కడా లేదు. ఇప్పుడు ఒక్క చోట ఉంది, అదీ తిట్టులో. అది తీసేసి నన్ను మళ్లీ గాల్లో కలిపేస్తారా? ఉంచండి. కింద నిజం రాయండి. అందులోనూ నా పేరు రాయండి."

"రాస్తాను."

"ఇంకోటి. బొమ్మ వేస్తారుగా. సిరా చుక్క పెట్టిన ఆ దొంగ బొమ్మ వెయ్యకండి. బజారుకొచ్చిన అట్ట వెయ్యండి. ఆ బ్లాకు నేను చేసింది. ఒక్క గీత చెడలేదు, ఎవరైనా భూతద్దం పెట్టి చూసుకోవచ్చు."

ప్రణవేశ్ తలూపాడు. "నన్ను క్షమించగలవా?" అన్నాడు.

నీలమణి బిందె పక్కన పెట్టి ఇంకో గిన్నె ఒళ్లోకి తీసుకున్నాడు.

"ఆ మాట నా నోట రాదు బాబూ. నా భార్య ఇళ్లల్లో అంట్లు తోమింది. చెప్పిన పని చెయ్యండి, చాలు. జరగండి, వెలుతురుకు అడ్డం వస్తున్నారు."

ఆఫీసులో కేతకి ఒప్పుకోలేదు. పోయిన మనిషి రాతలో చెయ్యి పెట్టకూడదంది. అది నిజమే. ఆ వెనక ఇంకో సంగతి ఉందని నాకూ తెలుసు, ప్రణవేశ్‌కూ తెలుసు.

"మా నాన్న ఆ దుకాణం మూయించాడని లోకానికి చెప్పమంటారా ప్రణవేశ్‌కాకా?"

"మీ నాన్న నన్ను నమ్మాడని చెప్తానమ్మా. అబద్ధం నాది, సంతకం నాది. సుధామయ్ వాక్యంలో ఒక్క అక్షరం కదపను."

"అయితే అడుగున, చిన్న అక్షరాల్లో."

"కాదు. పక్కన, మార్జిన్లో, అంతే సైజులో."

"పేజీ పాడవుతుంది."

"అవుతుంది," అన్నాడాయన.

కేతకి లేచి కిటికీ దాకా వెళ్లింది. వీధిలో ఎవరో పాత పుస్తకాల బేరం ఆడుతున్నారు. తిరిగొచ్చి, నాలుగేళ్లప్పుడు తనను ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించింది ఈ మనిషేనని, ఇంకెవరైనా అయితే బయటికి పొమ్మనేదాన్నని అంది. తర్వాత నావైపు తిరిగింది.

"ప్రూఫు రెండుసార్లు చూడండి మృగాంకదా. ఈ పేజీలో తప్పు పడితే మళ్లీ నవ్వుతారు."

పుస్తకం ప్రదర్శన మూడో రోజుకు స్టాలుకు చేరింది. బాగానే అమ్ముడుపోయింది. పత్రికల్లో సుధామయ్ వచనాన్నీ, ప్రణవేశ్ కూర్పునూ మెచ్చుకున్నారు. నూట పన్నెండో పేజీ గురించి ఇద్దరే రాశారు. ఒకాయన దాన్ని ధైర్యం అన్నాడు, ఇంకొకాయన వృద్ధాప్యపు చాదస్తం అన్నాడు. ముఖచిత్రకారుల సంఘం వాళ్లు ఫాల్గుణంలో ప్రణవేశ్‌కు సన్మానం చేస్తామని ముందు చెప్పారు, తర్వాత హాలు దొరకలేదన్నారు. సుధామయ్ భార్య మాత్రం ఒక కార్డు రాసింది: 'ఆయన ఉంటే మీ ఇంటికి వచ్చి పోట్లాడేవారు. ఆ తర్వాత టీ తాగి వెళ్లేవారు.' ప్రణవేశ్ ఆ కార్డు నాకు చూపించి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

నీలమణికి పుస్తకం ఇవ్వడానికి మళ్లీ ఇద్దరం వెళ్లాం. ఆయన చేతులు కడుక్కుని వచ్చి తీసుకున్నాడు. పేజీ వెతకనవసరం లేకుండా కాగితం ముక్క పెట్టి తెచ్చాను. చదివాడు. పెదవులు కదుపుతూ, మార్జిన్లోదంతా, చివర సంతకం దాకా చదివాడు. తర్వాత అట్ట బొమ్మను వెలుతురుకు తిప్పి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.

"నలుపు సరిగ్గా ఎక్కలేదు. ఈ కొత్త పద్ధతిలో ఇంతే," అన్నాడు.

అని, పక్కనే ఉన్న మిఠాయి కొట్టుకు నడిచాడు. కొట్టువాడి ముందు పుస్తకం తెరిచి ఏదో చూపిస్తున్నాడు. కొట్టువాడు చేతులు పంచెకు తుడుచుకుని వంగి చూశాడు. ఇంకెవరో ఇద్దరు వచ్చి చేరారు. నీలమణి మావైపు మళ్లీ చూడలేదు, మమ్మల్ని పిలవలేదు.

మేం పది నిమిషాలు అరుగు దగ్గర నిలబడ్డాం. తర్వాత ప్రణవేశ్, "పదవయ్యా," అన్నాడు. స్టేషను బయట నాలుగు కచోరీలు, బంగాళాదుంప కూర తిన్నాడు. డాక్టరు వద్దన్న జిలేబీ కూడా రెండు తిన్నాడు. సియాల్దా లోకల్లో కిటికీ పక్కన సీటు దొరికింది. తర్వాతి స్టేషను దమ్‌దమ్ రాకముందే నిద్రపోయాడు.