పట్టు జారిన రోజు

మూడో తువ్వాలు దులిపి, దారప్పోగులు ఎక్కడైనా వేలాడుతున్నాయేమో చూసి, మడత పెట్టి బల్ల చివర ఉంచిందామె. పోగు ఒక్కటి ఉన్నా చిలక గోరు అందులో చిక్కుకుంటుంది.

పశువుల ఆసుపత్రిలో ఆమె పని పట్టుకోవడం. డాక్టరమ్మ చూస్తుంది, కోస్తుంది, కుడుతుంది. ఈమె పట్టుకుంటుంది, అంతే. కుక్కలకూ పిల్లులకూ వేరే మనుషులున్నారు. మచ్చిక కాని చిలకలు మాత్రం ఈమె వాటా. ముప్పైయేళ్లుగా అదే పని కావడంతో అందరూ ఆమెను పట్టుకారు అంటారు. అనేవాళ్లకు అది నవ్వులాట, ఆమెకు బిరుదు.

ఆ చేతుల మీద ఖాళీ జాగా తక్కువ. చూపుడువేలి కణుపు మీద నెలవంకలాంటి మచ్చ, కొత్తలో తొందరపడి తెచ్చుకున్నది. బొటనవేలి కింద గుంట, కూతురికి జ్వరంగా ఉన్న రోజు ధ్యాస ఇంటిమీద పెట్టి పనిచేసినందుకు. చిన్నప్పుడు కూతురు ఆ మచ్చలు లెక్కపెడుతూ నిద్రపోయేది. "నీ చెయ్యి పట్టుకుంటే ఉప్పుకాగితం పట్టుకున్నట్టుందే" అనేవాడు మొగుడు. అయినా పోయేదాకా రోడ్డు దాటాలంటే ఆ చెయ్యే వెతుక్కున్నాడు.

డాక్టరమ్మ చేతుల మీద మాత్రం ఒక్క గాటు లేదు. పదహారేళ్ల కిందట కొత్తగా వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. తన బతుకులో చెప్పుకోదగ్గది ఏదైనా ఉంటే అదేననుకునేది పట్టుకారు. ఎవరితోనూ అనలేదు.

నెలరోజులుగా కుడి బొటనవేలు చెప్పిన మాట వినడం లేదు. ఆ ఉదయం మందుసీసా మూత తిప్పబోతే రెండుసార్లు జారింది. చుట్టూ చూసి, పళ్లతో తీసింది.

పదకొండు గంటలకు సెలూన్ నడిపే అతను పంజరంతో వచ్చాడు. కుడిచేతికి వెల్డింగువాళ్లు వేసుకునే తోలు తొడుగు, ఎడమచేతి రెండువేళ్లకు కట్టు. అన్న కొన్న చిలక. మచ్చిక చేసుకునేలోపే ఆ అన్న పోయాడు. ఇప్పుడు దాని ముక్కు పొడుగ్గా వంకర తిరిగి తిండికి అడ్డం వస్తోంది. తన వేళ్లు ఇలా తెగుతుంటే కత్తెర పట్టేదెలాగని, ఎవరడిగినా ఇచ్చేస్తానని చెప్పుకొచ్చాడు. చెబుతున్నంతసేపూ పంజరంమీంచి చూపు తిప్పలేదు.

పట్టుకారు తువ్వాలు వెనకనుంచి కప్పింది. బొటనవేలూ నడిమివేలూ దవడలకు చెరోవైపు, చూపుడువేలు నడినెత్తిన. తల బిగువుగా, ఒళ్లు వదులుగా. డాక్టరమ్మ ముక్కు అరగదీయడం మొదలుపెట్టింది.

సగంలో బొటనవేలు సడలింది. చిలక తల గిర్రున తిరిగింది. తెరుచుకున్న ముక్కుకు బెత్తెడు దూరంలో డాక్టరమ్మ వేళ్లు. పట్టుకారు తన ఎడమ అరచేతి అంచు మధ్యలోకి దూర్చింది. ముక్కు దిగింది. ఆమె చెయ్యి లాక్కోలేదు, లాక్కుంటే కండ ఊడొస్తుంది. ముక్కువైపే కాస్త నెట్టి, అది వదిలేదాకా కదలకుండా నిలబడింది. మళ్లీ తల పట్టి, "కానీండి" అంది.

పని అయ్యాక డాక్టరమ్మ కట్టు కడుతుంటే ఆమె సెలూన్ అతన్ని దగ్గరకు పిలిచింది.

"ముందా తొడుగు తియ్యి బాబూ. అది చూస్తే దానికి మనిషి కనపడడు, భూతం కనపడుతుంది. పైగా అంత మందం తోల్లోంచి ఎంత నొక్కుతున్నావో నీకే తెలీదు. ఛాతీ నొక్కావంటే దానికి ఊపిరాగిపోతుంది."

వేళ్లు చాచవద్దంది. పిడికిలి బిగిస్తే చర్మం బిగుసుకుని ముక్కుకు పట్టు దొరకదంది. మొదట పొడుగు గరిటెతో గింజలు పెట్టాలి. భయం తగ్గేకొద్దీ గరిటెను కాస్త కాస్త కిందికి పట్టుకోవాలి. కాడ అయిపోయేసరికి చెయ్యి దానికి అలవాటవుతుంది. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది. పిడికిలి పట్టి చూపించమంది. చిటికెనవేలు బయటికి పొడుచుకొస్తే లోపలికి మడిచింది.

"ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

"నాలుగు నెలలు పట్టనీ. నీ వేళ్లు నీకుంటాయి, అదీ నీకుంటుంది."

అతను తొడుగు విప్పి సంచిలో కుక్కేశాడు. "పొడుగు గరిటె ఇంట్లో ఉంది" అని పంజరం ఎత్తుకున్నాడు.

ఇంకా రెండు చిలకలు వరసలో ఉన్నాయి. రేపు రమ్మని వాటిని తెచ్చినవాళ్లను పంపించేసి, ఆమె లోపలికొచ్చింది.

"నా వేలు జారింది డాక్టరమ్మా. రేపటినుంచి రాను."

"ఇన్నేళ్లలో ఒక్కసారే కదక్కా."

"ఒక్కసారే. రెండోది మీ చేతి మీద పడుతుంది. ఏవీ, మీ చేతులిలా చూపించండి."

డాక్టరమ్మ చాపింది. పట్టుకారు అటూ ఇటూ తిప్పి, వేలు వేలునా చూసి, వదిలేసింది. సంచి భుజాన వేసుకుని, ఎప్పటిలాగే పక్క గుమ్మంలోంచి వెళ్లిపోయింది.

మర్నాడు ఆమె చోట నిలబడ్డ కొత్త మనిషి కాలికి బల్ల కింద ఏదో తగిలింది. డాక్టరమ్మ వంగి బయటికి లాగింది. జానెడు ఎత్తు చెక్కపీట. దాని మీద రెండు పాదాల మేర రంగు అరిగిపోయి, లోపలి కర్ర నున్నగా మెరుస్తోంది.