ఒక లేసు సూది, రెండు చేతులు

నేను ఒక లేసు సూదిని. సూది అన్నాను కదా అని నాకు కన్నం ఉంటుందనుకునేరు. నాకు కన్నం లేదు, వంకర ముక్కు ఉంది. దారాన్ని ఆ ముక్కుతో పట్టి లాగడమే నా పని. పుట్టింది మాత్రం సైకిలు పుల్లగా. పాలు పోసే సన్యాసిరావు సైకిలు వెనక చక్రంలో ఉండేదాన్ని. పాల క్యానుల బరువంతా మోసేది మేమైతే, ఊళ్ళో పేరంతా బెల్లుకి వచ్చింది, చప్పుడు చేసేది అదొక్కటే కాబట్టి. మనుషుల్లోనూ ఇంతేనని తరవాత తెలిసింది.

ఒక వానాకాలం సన్యాసిరావు కాలవ గట్టు మీద జారిపడ్డాడు. చక్రం వంగింది. సైకిలు షాపు కృపానందం పాత పుల్లలన్నీ పీకి మూల పడేసి, ఏమనుకున్నాడో మళ్ళీ వచ్చి నన్ను ఏరుకున్నాడు. ఆయన భార్య సువార్తమ్మ లేసు అల్లుతుంది. ఆవిడ సూది విరిగిపోయింది. నరసాపురం బజారుకెళ్తే కొత్తది దొరుకుతుంది, కానీ ఆయనకి కొనడం కంటే చెయ్యడం ఇష్టం. సాయంత్రాలు షాపు కట్టేసే ముందు కూర్చుని ఆకురాయితో నా కొస అరగదీశాడు. ముక్కు తీర్చాడు. గరుకు కాగితంతో రుద్ది, తన బనీను అంచు మీద గీసి చూసుకునేవాడు. పోగు లేస్తే మళ్ళీ రుద్దేవాడు. అలా ఒక బనీను నాశనమయ్యాక నేను నునుపు తేలాను. సువార్తమ్మ నన్ను అటూ ఇటూ తిప్పి చూసి, "బానే ఉంది" అంది. ఆ ఇంట్లో అంతకు మించిన మెచ్చుకోలు నేను మళ్ళీ వినలేదు.

మధ్యాహ్నం అంట్లు తోమేసి, ఆ వీధి ఆడవాళ్ళంతా సువార్తమ్మ అరుగు మీదకి చేరేవారు. ఏజెంటు దారం ఇస్తాడు, వీళ్ళు లేసు పువ్వులు అల్లుతారు, ఆ పువ్వులన్నీ ఎక్కడో అతికి, ఓడలెక్కించి, ఏ దేశంలోనో భోజనాల బల్లల మీద పరుస్తారట. "మన కష్టం మీద ఎవడో పులుసు ఒలకబోసుకుంటాడక్కా" అని నవ్వేది పక్కింటి నాగవేణి. నవ్వితే ఆమె చెయ్యీ, విన్నవాళ్ళ చేతులూ ఆగిపోయేవి. కబుర్లలో ఆమెను మించినవాళ్ళు లేరు గానీ, అల్లిక మాత్రం వదులు. అల్లిన పువ్వు సగం సార్లు ఏజెంటు దగ్గర్నుంచి తిరిగొచ్చేది.

సువార్తమ్మది దానికి పూర్తిగా ఎదురు. ఆమెది బిగిచెయ్యి. ఆవిడ పువ్వులు ఒకదాని మీద ఒకటి పేర్చితే అన్నీ ఒక్కటే అనిపిస్తాయి. ఆ చేతిలో నేనెంతో గర్వపడేదాన్ని.

ఆ అరుగుకి ఒక ఆచారం ఉంది. అక్కడ కూర్చునేవాళ్ళ ఇంట్లో బిడ్డ పుడితే, ప్రతి ఒక్కరూ తమ చేత్తో ఒక పువ్వు అల్లాలి. అన్నీ కలిపి అతికి ఉయ్యాల్లో పరిచే గుడ్డ చెయ్యాలి. దానికి ఏజెంటు లేడు, కొలత లేదు. మిగతా రోజుల్లో దించిన తల ఎత్తకుండా అల్లేవాళ్ళు కూడా ఆ పువ్వు అల్లేటప్పుడు కూనిరాగాలు తీసేవారు. అతికే పని ఎప్పుడూ సువార్తమ్మదే.

నాగవేణి కూతురు హైమకి ఆడపిల్ల పుట్టింది. బారసాల దగ్గరపడింది. పువ్వులన్నీ వచ్చాయి. సువార్తమ్మ చాప మీద వరసగా పరిచింది. అన్నీ ఒద్దికగా కూర్చున్నాయి, ఒక్క నాగవేణి పువ్వు తప్ప. అది పెద్దగా, అంచులు ఉబ్బి, తన చోటు దాటి పక్కవాళ్ళ చోట్లోకి వచ్చేసింది. మనిషి కూడా అరుగు మీద అలాగే కూర్చుంటుంది లెండి.

సువార్తమ్మ దాన్ని చూడకుండా ఉండలేకపోయింది. మర్నాడు పొద్దున్నే, ఎవరూ రాకముందు, ఆ పువ్వు ఇప్పేసి, అదే దారంతో, నాతో, మళ్ళీ అల్లింది. ఇప్పుడు అన్నీ సమంగా వచ్చాయి. ఆవిడ ముఖంలో ఎంత తృప్తి! మేలు చేస్తున్నాననుకునే మనిషిని సాటి మనుషులే ఆపలేరు, ఇక నావల్ల ఏమవుతుంది.

మధ్యాహ్నం నాగవేణి వచ్చింది. చాప ముందు కూర్చుని, "నాదేదక్కా?" అంది. సువార్తమ్మ చూపించింది. నాగవేణి ఆ పువ్వు తీసి నడిమి గుంటలో చిటికెన వేలు పెట్టి చూసింది. వేలు దూరలేదు.

"ఇప్పేశావా?"

"పెద్దదైపోయిందే. అతికితే ఉబ్బుద్ది. నీ దారమే, నీ పువ్వే. కూసింత బిగించానంతే."

"ఏజెంటు నా సరుకు తిప్పి పంపితే ఏనాడూ ఏవీ అనుకోలేదక్కా. అది ఆడి సరుకు. ఇది నా మనవరాలిది." నాగవేణి పువ్వు చాప మీద పెట్టేసి లేచింది. "ఆ గుడ్డ మా ఇంటికి తేమాక. పాత చీరేదో పరుచుకుంటాం."

ఆ తరవాత నాగవేణి అరుగెక్కలేదు. మిగిలినవాళ్ళు వచ్చేవారు, దారం గురించి రెండు మాటలు మాట్లాడి పెందలాడే లేచిపోయేవారు. బారసాల పిలుపు వీధిలో అందరికీ వెళ్ళింది, సువార్తమ్మకి రాలేదు. నాకు చాలా దిగులేసింది. నాగవేణి నవ్వుకి ఆగే చేతులన్నీ ఇప్పుడు ఆగకుండా అల్లుతున్నాయి, కానీ ఆ అల్లికలో సంతోషం లేదు.

పోయిన పువ్వుని తనే తిరిగి అల్లి ఇద్దామనుకుంది సువార్తమ్మ, అచ్చం నాగవేణిలా వదులుగా. నన్ను మునివేళ్ళతో పట్టుకుంది. దారాన్ని జారవిడిచింది. మాట్లాడుతూ అల్లితే వస్తుందేమోనని గోడతో కబుర్లు కూడా చెప్పింది. అయినా పువ్వు బొత్తంలా బిగుసుకునే వచ్చింది. ఇంకోటి. అదీ అంతే. ఇన్నేళ్ళు ఎగతాళి చేసిన ఆ వదులు తన చేతికి రావడం లేదని ఆవిడకి అప్పుడు తెలిసింది.

కృపానందం చూసి చూసి, "ఎల్లి అడగరాదా?" అన్నాడు.

"ఏవని అడగను?"

"పువ్వడుగు."

పాడైన పువ్వులన్నీ కొంగులో వేసుకుని, నన్ను చేత పట్టుకుని వెళ్ళింది. నాగవేణి పెరట్లో చంటిదాని గుడ్డలు ఆరేస్తోంది. సువార్తమ్మ కొంగులోవి నూతి గట్టు మీద కుమ్మరించింది.

"నీ పువ్వు అల్లుదావని చూశానే. రాలేదు."

నాగవేణి ఒకటి తీసి లాగింది. ఇంకోటి లాగింది. "ఇంత బిగువేంటక్కా. చంటిదానికి పళ్ళొచ్చేటప్పుడు కొరుక్కోడానికి పనికొత్తాయి."

సువార్తమ్మ నవ్వబోయి ఏడ్చేసింది. "తప్పయిపోయిందే" అంది. నాగవేణి తడిచేతులు చీరకి తుడుచుకుని, గట్టు మీద చతికిలబడి, "సూదిటివ్వు" అంది.

నాగవేణి చేతిలోకి వెళ్ళడం అదే మొదటిసారి. ఇన్నేళ్ళూ నాకు ఊపిరాడలేదన్న సంగతి అప్పటిదాకా నాకే తెలియదు. దారం వచ్చేది, పోయేది, మధ్యలో కబురు కోసం ఆగేది. ఎదురుగా సువార్తమ్మ కుడిచెయ్యి దారం బిగించడానికి తహతహలాడుతోంది. చివరికి ఆవిడ ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

బారసాల నాడు గుడ్డ ఒక మూల ఉబ్బింది. వచ్చిన పెద్దావిడెవరో అడగబోతే సువార్తమ్మే ముందుగా, "అది మా నాగవేణి చేతిదండి" అంది.

ఇదంతా జరిగి చాలా ఏళ్ళయింది. నా ముక్కు అరిగిపోయింది, దారం నిలవదు. అయినా సువార్తమ్మ నన్ను పారెయ్యలేదు. ఆవిడ కొప్పులో ఉంటూ, దురద పుట్టినప్పుడు తల గోకడం నా ప్రస్తుత ఉద్యోగం. ఆవిడకి చూపు పోయింది. నాగవేణి పోయిన ఏడాది కాలం చేసింది.

మొన్న హైమ వచ్చింది. ఆనాటి చంటిదానికి ఇప్పుడు బిడ్డ పుట్టింది. అదే గుడ్డ, ఉతికి ఉతికి మెత్తబడినది, సువార్తమ్మ ఒళ్ళో పెట్టింది. అతుకులు ఊడితే చెప్పమంది. ఆవిడ వేళ్ళు ఒక్కో పువ్వూ తడుముతూ పోయాయి. ఒక మూలకి వచ్చి ఆగిపోయాయి. చాలాసేపు అక్కడే ఉన్నాయి.

"హైమా, చెయ్యిటు తే" అంది. హైమ వేళ్ళు తీసుకుని ఆ పువ్వు మీద పెట్టింది. "మీ అమ్మ ఇక్కడుందే."

హైమ ఆవిడని పక్కింటికి నడిపించుకెళ్ళి, గుడ్డ ఉయ్యాల్లో పరిచి, పసిదాన్ని తల ఆ మూలకి వచ్చేలా పడుకోబెట్టింది.