అడిగి తెచ్చుకున్న బలం

పెద్దకోడలికి చిన్నకోడలంటే మొదటినుంచీ గిట్టదు. ఉండేది ఒకే ఇంట్లో, పనిచేసేదీ ఒకే లాండ్రీలో. ఆస్పత్రుల దుప్పట్లు ఉతికి, ఇస్త్రీ చేసి పంపే చోటు అది. ఆవిరికి గోడలు కూడా చెమట కక్కుతాయి. మొగుడు పోయిన రోజు కూడా కంట తడి పెట్టని మనిషని నలుగురూ చెప్పుకుంటే పెద్దామె లోలోపల పొంగిపోయేది. చిన్నామెకేమో అయినదానికీ కానిదానికీ కళ్ళు చెమరుస్తాయి. పైగా అన్నం ముందు తల వంచి ప్రార్థన ఒకటి. నీ దేవుడు నీకు కన్నీళ్ళు తప్ప ఇంకేమీ ఇవ్వలేదటే అని పెద్దామె అందరిలోనూ ఎద్దేవా చేసేది.

ఒక మధ్యాహ్నం పెద్దామె ఇస్త్రీ యంత్రం పలక దించి, ఎవరితోనో వాదులాడుతూ దాని సంగతే మరిచిపోయింది. పొగ చూసి పరుగెత్తి పలక ఎత్తేలోపు ముంజేయి కాలింది. దుప్పట్లు నల్లగా మాడిపోయాయి. చప్పున చీర మీది పనిచొక్కా చేతులు కిందికి లాక్కుని పక్కకు తప్పుకుంది. సూపర్‌వైజర్ వచ్చేసరికి అక్కడ మాడిన గుడ్డలు లాగుతూ చిన్నామె కనబడింది. ఇది ఎవరి నిర్వాకమని అతడు గద్దించాడు.

“ఇంకెవరు?” అంది పెద్దామె, తోడికోడలి వైపు గడ్డం విసిరి.

చిన్నామె మొహం పాలిపోయింది. తాను చేయలేదని రెండుసార్లు చెప్పింది. మరెవరని నిలదీస్తే, చేసినవాళ్ళే చెప్పాలని ఊరుకుంది. అతడు ఆమెను రక్తం మరకల దుప్పట్లు వేరుచేసే గది పనికి తోశాడు.

సాయంత్రం వంటింట్లో పెద్దామె తగవుకు కాచుకుని ఉంది. చిన్నామె గిన్నె నిండా చన్నీళ్ళు తెచ్చి ముందు పెట్టింది.

“చెయ్యి ఇందులో పెట్టక్కా. కాలడం నేను చూశాను.”

“చూసి వాడి ముందు నోరెందుకు మూసుకున్నావు? భయమా?”

“భయమే. దానికన్నా కోపం ఎక్కువ. నోరు తెరిస్తే నిన్ను అందరి ముందూ కడిగిపారేసేదాన్ని. ఆ గదిలో నిన్ను ఎంత తిట్టుకున్నానో దేవుడికే తెలుసు. పగ పెట్టుకోకుండా ఉండే బలం నాకు లేదు, ఆయన్నే ఇయ్యమని అడిగాను.”

“ఇచ్చాడా మరి?”

“ఈ నీళ్ళు తెచ్చేంత ఇచ్చాడు. నువ్వు చేసింది మాత్రం తప్పే అక్కా.”

పెద్దామె గిన్నెను ఒక్క తోపు తోసింది. నీళ్ళు నేలంతా పారాయి. చిన్నామె కళ్ళు తుడుచుకుని, నేల తుడిచి, గిన్నె మళ్ళీ నింపిపెట్టి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండుననిపించింది పెద్దామెకు. తిట్టుకు తిట్టు ఆమె దగ్గర బోలెడుంది.

తెల్లారి లాండ్రీలో అందరూ చూస్తుండగా పెద్దామె సూపర్‌వైజర్ బల్ల ముందు నిలబడింది. నోరు పెగల్లేదు. నా వల్ల కావట్లేదు అనుకుంది, ఎవరితో అంటున్నదో తెలియకుండానే. ఆ తరువాతే మాట బయటికి వచ్చింది.

“ఆ దుప్పట్లు మాడ్చింది నేను. అబద్ధమాడిందీ నేనే.”

మరకల గది ఆమెకు పడింది. చిన్నామె ఇస్త్రీకి తిరిగి వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“నీకోసం చెప్పాననుకోకు” అంది పెద్దామె, తల ఎత్తకుండా.

అనుకోనని చెప్పి, చిన్నామె తన రబ్బరు చేతితొడుగులు విప్పి ఆమె పక్కన పెట్టింది. పెద్దామె వాటిని చాలాసేపు ముట్టుకోలేదు. చివరికి కాలిన చేతికి మెల్లగా తొడుక్కుంది.