కొంగ కింద పేరు

మా ఊరి బస్టాండు ఎదుట ఒక ఇనుప కొంగ నిలబడి ఉంది. బస్సు దిగినవాళ్లు దాని పక్కన ఫొటో దిగనిదే ఇంటికి పోరు. మూతపడ్డ రైలు కార్ఖానాలోని పాత పానాలు, గొలుసులు, బోల్టులు ఏరి తెచ్చి, పద్నాలుగు నెలలు వెల్డింగ్ పొగ మింగి దాన్ని చేసింది రాలిత్సా.

కొంగ కింది ఇత్తడి పలక మీద మాత్రం "శిల్పి ర. కెర్మెకోవ్" అని ఉంది. మా వైపు ఇంటిపేరు చివర 'ఆ' పలికితే ఆడమనిషి, పలకకపోతే మగవాడు. ఆమె కెర్మెకోవా. కెర్మెకోవ్ ఆమె భర్త, బస్సు నడిపే రాంగెల్. అతని పేరూ 'ర'తోనే మొదలవుతుంది, ఖర్మ.

ఆమె మునిసిపాలిటీకి వెళ్లింది.

"పలక చెక్కినవాడు అచ్చుతప్పు అనుకున్నాడమ్మా," అన్నాడు గుమాస్తా. "వెల్డింగంటే మగవాళ్ల పని కదా, దిద్దేశాడు పాపం."

"నేనే ఆ అక్షరం అతికిస్తాను. పది నిమిషాల పని."

"ముట్టుకుంటే కేసవుతుంది. అదిప్పుడు ఊరి ఆస్తి. అయినా ఒక్క అక్షరానికి ఇంత రాద్ధాంతమా?"

కాఫీ హోటల్లో రాంగెల్‌ను అందరూ పట్టుకున్నారు. "ఇంత కళ ఎక్కడ దాచావురా?"

"నేను కాదు, మా ఆవిడ," అన్నాడు మొదటిరోజు.

"పెళ్లానికి భయపడి చెబుతున్నాడు," అని నవ్వారు. రెండోరోజూ చెప్పాడు. మూడోరోజు ఊరుకున్నాడు. నాలుగోరోజు వాళ్లు పోయించిన రాకియా సారా తాగాడు. రాంగెల్ చెడ్డవాడు కాదండీ. నాకు ఎక్కువ కడుపు మండేది అందుకే.

ఆదివారం చిక్కుడుగింజల పులుసు ముందు కూర్చుని, "పక్క ఊరివాళ్లు గుర్రం కావాలన్నారు. సరేనన్నాను," అన్నాడు.

"ఎవరు చేస్తారని చెప్పావు?"

అతను రొట్టె తుంచాడు. "ఎవరు చేస్తే ఏముంది రాలీ, పేరు మనింటికే కదా."

"మనింటికి కాదు, నీకు."

"ఇప్పుడు నిజం చెబితే నన్ను దొంగంటారే."

ఆమెకు ఏడుపొచ్చింది. చేయనంటే పని పోతుంది, చేస్తే మళ్లీ పేరు పోతుంది. మర్నాడు మాస్కు తగిలించుకుని గుర్రం కాలికి ఇనుము ఏరుకుంది. ఇంకేం చేయగలదు చెప్పండి.

అయ్యలారా, అమ్మలారా, ఆ అక్షరం తీసేసినవాడు ఒక్కడే అనుకోకండి. చేసిందెవరో తెలిసి కూడా నోరు విప్పని ప్రతివాడి చేతిలోనూ ఆ ఉలి ఉంది. ఆ హోటల్లో కూర్చుని కాఫీ తాగిన నా చేతిలోనూ ఉంది.