నాలుగో గేరులో వెయ్యమ్మా

రోజూ తెల్లారకముందే బేకరీ నుంచి కొట్లకు రొట్టెలు చేరవేసే వ్యానుకి క్లచ్ పోయింది. ఎక్సిలేటరు ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే తప్ప బండి కదలనంటోంది. గ్యారేజీవాళ్లేమో వారం పడుతుందన్నారు. సోమవారం రొట్టెలు అందకపోతే బేకరీవాళ్లు ఆ రూటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. అందుకని వ్యాను నడిపే అమ్మాయి కొత్త క్లచ్ ప్లేటు కొనుక్కొచ్చి, బండిని ఇంటిముందే స్టాండ్ల మీదికెత్తి, శనివారం సాయంత్రానికల్లా గేర్‌బాక్సు దించేసింది. చేతులనిండా గ్రీజు, మొహంనిండా సంబరం.

వానొస్తుందేమోనని గేర్‌బాక్సును ముందుగదిలో పాత దుప్పటి మీద పెట్టారు. బండిలోంచి బయటికొచ్చిన గేర్‌బాక్సు ఏ గేరులో ఉంటే దాన్ని పెట్టిన ఇల్లూ ఆ గేరులోనే నడుస్తుంది కదా. న్యూట్రల్‌లో వదిలేసేసరికి ఆ పూట తల్లీకూతుళ్లు ఏం వండుకోవాలో తేల్చుకోలేక బిస్కెట్లు తిని పడుకున్నారు. పొద్దున్నే తల్లికి విసుగొచ్చి గేరు పుల్లను మూడులోకి నెట్టింది. కాఫీ చల్లారేలోపు బట్టలు ఉతకడం, ఆరడం, మడతలు పెట్టడం కూడా అయిపోయాయి. తర్వాత చీపురు తగిలి రివర్సులో పడింది. పేపరు అడగడానికి గుమ్మందాకా వచ్చిన పక్కింటాయన అలాగే వెనక్కి నడుచుకుంటూ గేటు దాటి వెళ్లిపోయాడు.

"అమ్మా, దాన్ని ముట్టుకోకు" అంటూ కూతురొచ్చి మళ్లీ న్యూట్రల్ చేసింది.

బరువు పట్టడానికి ఎదురింటి ఎలక్ట్రీషియన్ వచ్చాడు. వీధంతా ఆ తల్లిని పిన్నీ అని పిలుస్తుంది. అతనొక్కడే ఏమీ పిలవడు. పిన్నీ అంటే కూతురు చెల్లెలైపోతుంది, ఆ సంగతి అతనికి బాగా తెలుసు. ఏళ్ల తరబడి ఏదో చెబుదామని రావడం, "అదేంటంటే..." అనడం, బాగానే ఉన్న ఫ్యూజు ఒకసారి చూసి వెళ్లిపోవడం. కూతురు కనిపెట్టింది కానీ అడగలేదు.

కొత్త ప్లేటు బిగించేశారు. గేర్‌బాక్సును జాకీ మీద పెట్టి వ్యాను కిందకి తోశారు. ఇద్దరూ చెరోవైపు వెల్లకిలా పడుకున్నారు. తల్లి వ్యానులో కూర్చుని, గేరు పుల్ల ఉండే కంతలోంచి కిందకి చూస్తోంది.

కూతురు గేర్‌బాక్సును పైకి నెట్టింది. షాఫ్టు వెళ్లి ప్లేటుకి తగిలి ఆగిపోయింది.

"అదేంటంటే..." అన్నాడతను, ఆగాడు.

"దీని పళ్లు ప్లేటు పళ్లలో పడాలి. నువ్వు వెనకనుంచి తిప్పు. అమ్మా, న్యూట్రల్‌లో తిప్పితే ముందు షాఫ్టు కదలదు, గేరులో వెయ్యి."

తల్లి మొదటి గేరులో వేసింది.

"నాకు... ఓడరేవులో... పనొచ్చింది" అన్నాడతను, బండ లాగుతున్నట్టు. "సాయంత్రం... రైలు."

కూతురి చేతులు ఒక్క క్షణం పట్టు తప్పాయి. మళ్లీ బిగించి పట్టుకుంది.

"బిగుసుకుపోయింది, తిరగట్లేదు. నాలుగో గేరులో వెయ్యమ్మా, తేలిగ్గా తిరుగుతుంది."

తల్లి నాలుగులోకి లాగింది.

"నాకు వెళ్లాలని లేదు, ఎప్పుడూ లేదు, ఇక్కడుండి నీ ఎదురుగా ఫ్యూజులు చూసుకోవడం కంటే ఏదైనా మేలనుకుని దరఖాస్తు పెట్టా, పని వచ్చిందనగానే ఏడుపొచ్చింది, నువ్వు ఉండమంటే ఉండిపోతా, రొట్టెలు మోస్తా, మూటలు మోస్తా, నువ్వంటే నాకు ప్రాణం, అత్తయ్యా మీరైనా చెప్పండి."

షాఫ్టు చిన్నగా తిరిగింది, గేర్‌బాక్సు టక్కుమని ముందుకు జారి, ఇంజనుకి అతుక్కుంది. ఇంక అది బండిది. ఇల్లు తన నడక తను నడవడం మొదలుపెట్టింది. అతని మాట ఆగిపోయింది.

పైనుంచి తల్లి అంది. "అత్తయ్యా అన్నాడు, విన్నావా?"

"విన్నానమ్మా."

ఇప్పుడు కూతుర్ని తొందరపెట్టడానికి గేరేదీ లేదు, ఆపడానికీ లేదు.

"బోల్టు ఇవ్వు" అంది అతనితో.

ఇచ్చాడు. ఒక్కొక్కటే బిగించింది. వెనక చక్రాలకెళ్లే షాఫ్టు కలిపారు, ఆయిలు పోశారు, బండి దించారు. తల్లి దిగి పక్కన నిలబడింది. కూతురు చేతులు తుడుచుకుని, డ్రైవరు సీట్లో కూర్చుని తాళం తిప్పింది. క్లచ్ వెన్నలా దిగింది. అతను గేటు దగ్గర నిలబడి, ఇంటికి వెళ్లి పెట్టె సర్దుకోవాలో వద్దో తెలియక నేల చూస్తున్నాడు.

ఆమె వంగి అవతలి తలుపు తీసింది.

"తెల్లారకముందే లేవాలి. లేవగలవా?"

"అలవాటు చేసుకుంటా."

"అయితే ఎక్కు."

వీధి చివర మలుపు తిరిగాక అతని చెయ్యి అందుకుని గేరు మీద పెట్టింది. తను క్లచ్ తొక్కింది.

"ఇప్పుడు మార్చు" అంది.